కొబ్బరినూనె మర్యాద

మార్గశిరమాసపు చలి మొదలగుటతోడనే మా యింటి గూటిలోని కొబ్బరినూనె సీసా తెల్లనై గట్టిపడి, తలక్రిందులు చేసినను చుక్కయైన రాలక నిలిచిపోయెడిది. అప్పుడు మా అమ్మమ్మ దానిని పెరటిలోనికి గొనిపోయి, తులసికోట ప్రక్క ఎండ పడుచోట నిలిపి, అది కరగులోపల కుంకుడుకాయలు చితుకగొట్టి, కాగు క్రింద కొబ్బరిడొక్కలు ఎగదోసి, పీటలు వాల్చి, పిల్లలనందరిని పేరుపేరున పిలిచి వరుసగా కూర్చుండబెట్టెడిది. నూనె మాడున పెట్టి అరచేత అదుముచున్నంతసేపును ఆమె నోట ఆశీర్వచనములు వెలువడుచునే యుండెడివి. 24, 25 డిగ్రీల వేడిమికి దిగువను పేరుకొనుట కొబ్బరినూనె స్వభావమని మాకు బడిలో ఎవ్వరును చెప్పలేదు. ఆ పెరటిలోనే తెలిసినది.

ఈనాడు ఆ నూనె స్థితి విచిత్రముగా మారినది. జిడ్డు అనియు, పల్లెటూరి అలవాటు అనియు, కళాశాలకు పోవు పిల్లలు తలకు రాచుకొనుటకే సిగ్గుపడిన యీ కొబ్బరినూనెయే నేడు ముఖమునకు కాంతి నిచ్చునదియు, ముడుతలు పోగొట్టునదియు, మొటిమలు మాన్పునదియు, బట్టతలపై వెంట్రుకలు మొలిపించునదియు, నల్లని మేనిని తెల్లగా చేయునదియునని వాడవాడల స్తుతింపబడుచున్నది. నాటి తిరస్కారము అన్యాయమైనట్లే నేటి స్తుతియు అపకారమే. ఏలయన, చేయలేని పనులను దానిపై మోపినవారు, ఆ పనులు నెరవేరనినాడు, అది నిజముగా చేయగల పనిని గూడ నమ్మక సీసాను మూలకు నెట్టుదురు. మర్యాద యను మాటకు సంస్కృతమున హద్దు అని అర్థము, తెలుగు వాడుకలో గౌరవమని అర్థము. కొబ్బరినూనెకు ఈ రెండు అర్థములందును మర్యాద దక్కవలెననునదియే నేను చెప్పదలచిన మాట.

దాని గౌరవమునకు మొదటి తావు తల. వెంట్రుక చూచుటకు నిర్జీవమైన నారవలె నున్నను, పైని చేపపొలుసులవంటి పొరయు, లోపల కెరాటిన్ అను మాంసకృత్తుతో పేనిన త్రాడును గల సూక్ష్మనిర్మాణము. తడిసినప్పుడెల్ల అది నీటిని పీల్చి ఉబ్బును, ఆరినప్పుడు కుదియును. ఏండ్లతరబడి ఇట్లు ఉబ్బుచు కుదియుచు నుండుటచేతను, తడితల దువ్వెనకు చిక్కి పెనగులాడుటచేతను పైపొలుసులు లేచి, లోపలి మాంసకృత్తు కొంచెము కొంచెముగా కొట్టుకొనిపోయి, తుదకు కొనలు చిట్లును. కొబ్బరినూనెలో సగమునకు దగ్గరగా నుండు లారిక్ ఆమ్లము పరిమాణమున చిన్నది, తిన్నని గొలుసువంటిది, వెంట్రుకలోని మాంసకృత్తుతో పొత్తు కుదుర్చుకొనునది. అందుచేత ఈ నూనె పైపొరమీద మెరయుటతో సరిపెట్టుకొనక వెంట్రుక లోపలికి దిగి, అచటి చోటును తాను ఆక్రమించి, నీటి చొరవను తగ్గించును. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో నున్న వస్త్రపరిశోధనాసంస్థవారు పాల్గొనగా 2001లో ప్రకటింపబడిన పరీక్షలో కొబ్బరినూనె వెంట్రుకలోనికి దిగినట్లును, ఖనిజతైలము దిగనట్లును తేలినది. కొబ్బరినూనెను, పొద్దుతిరుగుడునూనెను, ఖనిజతైలమును సరిపోల్చి 2003లో వెలువరించిన మరియొక పరిశోధనలో, ఆ మూడింటిలోను మాంసకృత్తు నష్టమును చెప్పుకోదగినంతగా తగ్గించినది కొబ్బరినూనె యొక్కటియే. ఈ పరిశోధనలందు పాల్గొన్నవారిలో కొబ్బరినూనె విక్రయించు మారికో సంస్థ శాస్త్రజ్ఞులు కలరను సంగతిని పాఠకులకు దాచుట న్యాయము కాదు. ఐనను వాని వెనుకనున్న రసాయనశాస్త్రము సుబోధము, సమంజసము, దానిని శంకించుటకు నాకు కారణము కనబడలేదు.

ఇందు నా మనస్సును మిక్కిలి ఆకర్షించినది మన పెద్దలు పాటించిన క్రమము. నూనె ముందు, నీళ్లు తరువాత. తలంటు అను మాటలోనే నూనె నంటుట ఇమిడి యున్నది. నూనె లేని తలస్నానమును మా అమ్మమ్మ తలంటు అనెడిది కాదు. వెంట్రుకను నీటి ఉబ్బునుండి కాపాడవలసిన వస్తువు నీటికంటె ముందే దాని లోపలికి చేరియుండవలెనను శాస్త్రయుక్తి యేదియో ఆ క్రమములోనే కలదు. దానికి పేరు పెట్టలేదు గాని, తప్పక పాటించిరి. మనమో దానిని తారుమారు చేసి, ముందు గాఢమైన షాంపూతో తలలోని సహజమైన స్నిగ్ధతనుగూడ ఊడ్చివేసి, పిమ్మట నిగనిగలాడుటకై పైపైని ఏదో ఒక తైలమును పులుముకొనుచున్నాము. తలంటుకు అరగంటయో గంటయో ముందుగా, గిన్నెను వేడినీళ్లలో నుంచి గోరువెచ్చన చేసిన నూనెను చెంచాడో రెండు చెంచాలో తీసికొని, నడినెత్తిన గుమ్మరించి వదలివేయక, పాయలు తీసి కొనలవరకును పట్టించి, పెద్దపండ్ల దువ్వెనతో చిక్కు విడదీసి, కుంకుడుకాయతోనో శీకాయతోనో మృదువైన షాంపూతోనో కడిగినచో చాలును. రాత్రియంతయు తలగడను నూనెతో తడుపవలసిన యగత్యము లేదు.

ఐతే ఈ నూనె ఉన్న వెంట్రుకను కాపాడునే గాని లేనిదానిని మొలిపింపదు. వెంట్రుక పుట్టుట కుదుళ్లలో, కుదుళ్లకు పోషణ రక్తములో. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనత గలవారు. దువ్వినప్పుడెల్ల గుప్పెడు జుట్టు ఊడుచున్నదని కంటతడిపెట్టు ఆడపిల్లకు ఇరువది మూలికల తైలమును వందలు పోసి కొనియిచ్చు తలిదండ్రులు, అంతకంటె ముందు ఆమెకు రక్తపరీక్షయు, థైరాయిడ్ పరీక్షయు చేయించి, కంచములో ఆకుకూరయు పప్పును తగినంత పడుచున్నవో లేవో చూచుట మేలు. ఈ మాట నేను పలువురు బంధువుల యిండ్లలో చెప్పితిని, విన్నవారు కొందరే.

ఇక చర్మమును గూర్చి. మన మేనిపొర ఇటుకలు పేర్చి సున్నము మెత్తిన గోడవంటిది. ఆ సున్నము స్థానమున నుండునది కొవ్వు. చలిగాలికిని, వేడినీళ్లకును, క్షారము హెచ్చుగానున్న సబ్బునకును ఆ కొవ్వు కరగి సందులు పడినప్పుడు లోనితేమ ఆవిరైపోవుటచేత చర్మము తెల్లగా పొలుసులెత్తి, గోకినచోట గీతలుపడును. కొబ్బరినూనెలో నీరు లేదు, కావున అది చర్మమునకు తేమ నీయజాలదు; ఉన్న తేమను బయటకు పోనీయక మూత వేయగలదు. ఈ భేదమును గ్రహించినవారు దానిని ఎండిన మేనిపై గాక, స్నానమైన వెంటనే, తువాలుతో అద్దుకొని యింకను చెమ్మ ఆరకముందే పలుచగా రాచుకొందురు. ఫిలిప్పీన్స్ దేశపు వైద్యులు 2004లో ప్రకటించిన పరీక్షలో, పొడిచర్మము గలవారికి కొబ్బరినూనె ఖనిజతైలముతో సమానముగా పనిచేసినది. సమానముగా మాత్రమే, మిన్నగా కాదు. అదే దేశమున 117 మంది ఎగ్జిమా పిల్లలపై 8 వారములు జరిపి 2014లో ప్రకటించిన పరీక్షలో మాత్రము కొబ్బరినూనెదే పైచేయి యైనది. మడమలకు, మోచేతులకు, పెదవులకు, గిన్నెలు తోమి తోమి గరుకెక్కిన గృహిణుల చేతులకు ఇంతకంటె చౌకయైన సేవకుడు దొరకుట దుర్లభము. రాత్రి పని ముగిసినపిదప చేతులకు నాలుగు చుక్కలు రాచుకొనుమని మా యింట నేను చెప్పుచునే యుందును.

ఇచట ఒక సత్యమును ఒప్పుకొనవలెను. తెలుగునాట ఉగాదికిని, నరకచతుర్దశికిని అభ్యంగనమునకు ముఖ్యతైలము నువ్వులనూనె. పసిబిడ్డకును బాలింతకును ఆముదము. నలుగునకు పెసరపిండి, శెనగపిండి, పసుపు, కచ్చూరాలు. కొబ్బరినూనె కోనసీమవంటి చోట్ల పెరటిచెట్టు ప్రసాదముగా వచ్చినదే గాని, తెలంగాణపు పల్లెలలోను రాయలసీమలోను అది అంగడిసరుకు. కావున దానిని మన సనాతనసంప్రదాయమునకు ఏకైకప్రతినిధిగా నిలుపుట చరిత్రకు సరిపడదు. నూనె యేదైనను, అభ్యంగనమును నిత్యము చేయుమనియు, శిరస్సునకు, చెవులకు, పాదములకు విశేషముగా పట్టింపుమనియు విధించిన వాగ్భటుడే తన అష్టాంగహృదయమున, కఫపీడితులును, శోధనచికిత్స అప్పుడే పొందినవారును, అజీర్ణము గలవారును దానిని మానవలెనని వెనువెంటనే నిషేధించెను. అభ్యంగనమును అంతగా కొనియాడిన యా వైద్యుడు దానికి హద్దు చెప్పుట మరువలేదు. నేటి స్తోత్రపాఠకులు మరచినది ఇదే.

కాబట్టి హద్దులను చెప్పెదను. మొటిమలు గల ముఖమునకు కొబ్బరినూనె రాయరాదు. యౌవనమున చర్మగ్రంథులు తమంతట తామే కావలసినదానికంటె నెక్కువ జిడ్డును స్రవించుచుండగా, దానిపై మరల నూనె పూసి రంధ్రములు మూయుట మంటకు ఆజ్యము పోయుటయే. చుండ్రు విషయమున పొరపాటు ఇంకను విస్తారము: తల పొడిబారి పొట్టు రాలుచున్నదనుకొని నూనె దట్టించుదురు, కాని చుండ్రునకు కారకులలో ముఖ్యమైన మలసేజియా యను సూక్ష్మమైన బూజు తనకు కావలసిన కొవ్వును తాను తయారుచేసికొనజాలక, మాడుమీది జిడ్డుపై బ్రతుకునట్టిది. నూనె పెట్టినదినమున పొట్టు అణగి కనబడుట నిజమే. ఆ మరునాటినుండి దురద హెచ్చుటయు నిజమే. అట్టివారికి వలసినది చుండ్రును నివారించు ఔషధయుక్తమైన షాంపూ. ఎండతాకుడు నాపుటకు ఈ నూనె చాలదు. వైశాఖపు మధ్యాహ్నమున గొడుగును, పొడుగుచేతుల చొక్కాయును, సరియైన సన్‌స్క్రీన్ లేపనమును చేయు పనిని అది చేయలేదు. వంటయింట చేయి కాలినప్పుడు నూనె రాచుట వేడిమిని లోననే బంధించుట; కొళాయినీటి ధార క్రింద ఇరువది నిమిషములు చేతిని ఉంచుటయే తక్షణకర్తవ్యము.

పసిబిడ్డల సంగతి మరియు నిర్మొహమాటముగా చెప్పవలెను. మెత్తనిచేతితో బిడ్డ ఒంటికి కొబ్బరినూనె మర్దించుట మంచిదే. తల్లిస్పర్శయు, తేమ నిలుచుటయు రెండును దానివలన కలుగును. కాని నీళ్లు పోయునపుడు ముక్కులలోను చెవులలోను నూనె చుక్కలు వేయు అలవాటు ఇంకను మన యిండ్లలో పోలేదు. ముక్కునుండి ఊపిరితిత్తులలోనికి జారిన నూనె అక్కడ కరగక, వెలికిరాక, నెమ్మునకు కారణమగును. ఇట్టి పిల్లలను శిశువైద్యులు చూచుచునే యున్నారు. పెద్దముత్తైదువల యనుభవమును గౌరవించుచునే, ఈ యొక్క పనిని మాత్రము చేయవలదని వారికి చేతులు జోడించి చెప్పవలెను.

అన్నిటికంటె నాకు ఆవేదన కలిగించునది తెల్లదనపు మాట. కొబ్బరినూనెలో పసుపు కలిపిన తెల్లబడుదువని, నిమ్మరసము కలిపిన తెల్లబడుదువని, పదియేండ్ల బాలికతో మేనత్తలు, పినతల్లులు ప్రేమతోనే చెప్పుచుందురు. ఆ ప్రేమ ఆ బిడ్డ చెవిలో నీవు ఉన్నట్లుగా బాగులేవు అను వాక్యమై నాటుకొనును. మేనిరంగు మెలనిన్ అను వర్ణద్రవ్యమువలన కలుగునది, తలిదండ్రులనుండి వచ్చునది. ఏ నూనెయు దానిని మార్చజాలదు. నిమ్మరసము చర్మమును మండించి, ఎండ సోకినపుడు మచ్చలు గూడ మిగుల్చును. నూనెతో పనికాలేదని నిరాశపడినవారు చివరకు వైద్యుని సలహా లేక మందులదుకాణమున స్టెరాయిడు కలిసిన లేపనములు కొని, కొన్ని వారములు కాంతివంతముగా నుండి, పిమ్మట ముఖము ఎర్రబారి, పలుచబడి, మొటిమలు లేచి చర్మవైద్యుల యొద్దకు చేరుచున్నారు. కొబ్బరినూనె రాచిన నల్లని చర్మము నల్లగానే నిగనిగలాడును; ఆ నిగనిగయే దాని సౌందర్యము. దానిని చూచి ఆనందింప నేర్పుట తల్లుల బాధ్యత, తండ్రుల బాధ్యత కూడ.

సీసాలో నున్నదేమో తెలిసికొనక రాచుకొనుట మరియొక పొరపాటు. కొబ్బరినూనె తినుబండారమా, కేశతైలమా యను వివాదము పన్నుల శాఖకును ఉత్పత్తిదారులకును నడుమ ఏండ్లకొలది సాగి, 2018లో సర్వోన్నత న్యాయస్థానపు ఇద్దరు న్యాయమూర్తుల మధ్య అభిప్రాయభేదముతో నిలిచి, తుదకు 2024 డిసెంబరు 18న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనముచే పరిష్కరింపబడినది. చిన్నసీసాలో నున్నంతమాత్రమున తినుటకు యోగ్యమైన శుద్ధమైన కొబ్బరినూనె కేశతైలము కాబోదని, పొట్లముపై నేమని ప్రకటించిరో దానినిబట్టి నిర్ణయింపవలెనని తీర్పు వచ్చినది. నాడు తినునూనెపై పన్ను నూటికి 5, కేశతైలముపై 18; 2025 సెప్టెంబరు 22 నుండి కేశతైలముపైనను 5కు తగ్గినది. పన్నులో భేదము పోయినను సామాన్యునకు ఉపయోగపడు భేదము మిగిలియే యున్నది. తినునూనెగా అమ్ముదానిలో ఖనిజతైలము కలుపుట ఆహారభద్రతా నియమములకు విరుద్ధము. కేశతైలముగా అమ్ముదానిలో లిక్విడ్ పారఫిన్ కలుపుట నేరము కాదు, సువాసనలును రంగులును కలుపుటయు నేరము కాదు. కొబ్బరిచెట్టు బొమ్మ యున్నను లోపల సగము ఖనిజతైలము ఉండవచ్చును. అందుచేత, నోటికి పనికిరాని నూనెను ఒంటికి పూయవలదని నా దృఢాభిప్రాయము: చీటిపై చిన్న అక్షరములను చదివి, తినునూనె యని వ్రాసి, ఆహారభద్రతాసంస్థ అనుమతిసంఖ్య యున్నదానినే కొనుడు.

ఇంట పరీక్ష గూడ కలదు. గాజుగ్లాసులో కొంచెము నూనె పోసి ఫ్రిజ్‌లో మంచుగడ్డల అరలో గాక క్రింది అరలో అరగంట యుంచినచో శుద్ధమైన కొబ్బరినూనె గడ్డకట్టును. ఇతరతైలము కలిసినచో అది వేరు పొరగా ద్రవరూపమున తేలును. తాటిజాతి గింజలనుండి తీసిన పామ్ కెర్నెల్ నూనె కలిసినప్పుడు మాత్రము ఈ పరీక్ష మోసపోవచ్చును, ఏలయన దాని స్వభావమును ఇంచుమించు ఇట్టిదే.

నూనెను ఇంటనే తీయవచ్చును. ముదిరిన కొబ్బరిని కోరి, రుబ్బి, పాలు పిండి, మందపాటి బాణలిలో సన్నని సెగపై కలియబెట్టుచుండిన, నీరంతయు ఆవిరైనపిదప అడుగున గోధుమరంగు మడ్డియు, పైని తేటనూనెయు తేలును. తొందరపడి దించి చెమ్మ మిగిల్చినచో నాలుగునాళ్లలో వాసన మారును. గానుగలో ఆడించువారికి ఎండుకొబ్బరిలో చెమ్మ నూటికి ఆరేడు పాళ్లను మించకుండ ఆరుట ప్రాణము. సరిగా ఆరని ముక్కకు బూజు పట్టును, ఆ బూజు నూనెను పాడుచేయును. ఎండుకొబ్బరినుండి నూటికి అరువదికి పైగా నూనె దిగును.

గోదావరిపాయల నడుమ విస్తరించిన కోనసీమలో అంబాజీపేట కొబ్బరిసంత ధర తెలియని రైతు లేడు. అచటనే కొబ్బరి పరిశోధనాస్థానమును కలదు. ఐనను అక్కడి రైతు తన పంటను వెయ్యికాయల లెక్కన అమ్మివేయగా, దింపు కూలియు వొలుపు కూలియు పోను మిగిలినది చేతబట్టుకొని యింటికి వచ్చును. కాయలు లారీలకెక్కి మహారాష్ట్రమునకు, గుజరాతునకు, ఉత్తరదేశమునకు పోవును. మన యిండ్లకు నూనె తమిళనాటి కాంగేయమువంటి చోట్లనుండియు, కేరళమునుండియు వచ్చును. 1996 నవంబరు 6 నాటి పెనుతుఫానులో తోటలు నేలమట్టమై, మరల నాటి, మరల కాపునకు వచ్చువరకు ఏండ్లు వేచిన రైతులు వారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళపు ఉద్దానమునకు అదే గతి పట్టించినది. నల్లి, తెల్లదోమ వేరు. ఇంత శ్రమ వెనుకనున్న వస్తువును చిన్న గానుగలు, మహిళాసంఘములు గ్రామములోనే నూనెగా మార్చి, పరీక్షించి, చీటి అంటించి అమ్ముటకు ప్రభుత్వము యంత్రములును, పరీక్షాశాలలును సమకూర్చినచో, ఆ లాభములో ఒక పాలైనను చెట్టెక్కిన చేతికి చేరును. పట్టణమున నున్న కొనుగోలుదారు గానుగ నూనెకు నాలుగురూపాయలు హెచ్చుగా నిచ్చుటకు వెనుదీయకుండుటయు అవసరమే. కల్తీ పుట్టునది మనము మరీ చౌకను కోరుచోటనే.

ఈ చలికాలమున మీ యింటి సీసాలోని నూనె పేరుకొని తెల్లబడినచో, చెడిపోయినదని పారవేయకుడు. ఎండలో పెట్టుడు. కరగినపిదప ముందు తలకు నూనె, ఆ తరువాతనే నీళ్లు.